మొనాకోలో పదో స్థానం విలువ ఎంత? వీధి సర్క్యూట్‌పై జూనియర్ ఫార్ములా రేసుల లెక్క

సంక్షిప్తంగా: వీధుల్లో జరిగే ఫార్ములా 2, ఫార్ములా 3 రేసుల్లో ముందున్న కారును దాటడం కష్టం. అందుకే శుక్రవారం క్వాలిఫయింగ్‌లో (రేసు ఆరంభ స్థానాలను తేల్చే సమయ పోటీలో) దక్కిన స్థానమే ఆదివారం దాకా డ్రైవర్ వెంట వస్తుంది. ఆ స్థానాన్ని వేగం ఒక్కటే నిర్ణయించదు. రోడ్డు మీద రద్దీ, జెండాలు, తారు పట్టు మారే తీరు, డ్రైవర్ పడిన గ్రూపు కూడా అందులో పాలు పంచుకుంటాయి. మొనాకోలో పదో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య ఏర్పడే పాయింట్ల అంతరం, రెండో స్థానానికీ ఏడో స్థానానికీ మధ్య ఉండే అంతరం కంటే పెద్దది.

2025 మే 24న మొనాకోలో జరిగిన ఫార్ములా 2 స్ప్రింట్ (చిన్న) రేసును కుష్ మైనీ గెలిచాడు. అక్కడ ఫార్ములా 2 రేసు గెలిచిన తొలి భారతీయుడు అతడే. ఆ రేసును అతడు గ్రిడ్ (ఆరంభ వరుస) మీద మొదటి స్థానం నుంచి ఆరంభించాడు. అయితే క్వాలిఫయింగ్‌లో అతడికి దక్కింది పదో స్థానం. మరుసటి రోజు ప్రధాన రేసులో పోల్ పొజిషన్‌లో (క్వాలిఫయింగ్‌లో గెలుచుకున్న మొదటి ఆరంభ స్థానంలో) నిలిచిన ఐర్లండ్ డ్రైవర్ అలెక్స్ డన్ మొదటి మలుపులోనే పక్క కారును ఢీకొని పోటీ నుంచి తప్పుకున్నాడు. క్వాలిఫయింగ్‌లో పదోవాడు ఒక రేసు గెలవడం, అందరికంటే వేగంగా తిరిగినవాడు ఒక్క ల్యాప్ కూడా పూర్తి చేయలేకపోవడం కొత్తగా చూసేవారికి అదృష్టం ఆడించిన ఆటలా కనిపిస్తాయి. అదృష్టానికి అందులో చోటు ఉన్న మాట నిజమే. కానీ రెండు ఫలితాల వెనుకా నిబంధనల పుస్తకంలో రాసి ఉన్న కారణాలూ, రోడ్డు వెడల్పు, టైరు వేడి వంటి భౌతిక కారణాలూ ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, జూనియర్ డ్రైవర్లకు వీధి సర్క్యూట్ ఎందుకంత కఠినమైన పరీక్షో, ఆ పరీక్ష ఫలితాలను ఎందుకంత జాగ్రత్తగా చదవాలో అర్థమవుతుంది.

కార్లు ఒకటే, సమయం తక్కువ

ఫార్ములా 4, ప్రాంతీయ ఫార్ములా, ఫార్ములా 3, ఫార్ములా 2. ఒకే సీటున్న రేసు కార్లలో పైకి ఎక్కాలనుకునే యువ డ్రైవర్ దాటే మెట్లు దాదాపు ఇవే. 2005 నుంచి 2016 దాకా జీపీ2గా సాగిన పోటీయే 2017 నుంచి ఫార్ములా 2 అయింది. ఫార్ములా 1లో ప్రతి జట్టూ తన కారును తానే రూపొందించుకుంటుంది. ఫార్ములా 2లో అందరికీ డల్లారా చేసిన ఒకే చాసిస్ (కారు చట్రం), మెకాక్రోమ్ ఇచ్చే ఒకే 3.4 లీటర్ల టర్బో ఇంజిన్, పిరెల్లీ టైర్లు. 11 జట్లు, 22 కార్లు. ఫార్ములా 3లో 10 జట్లు, 30 కార్లు. యంత్రం ఒకటే కాబట్టి తేడా అంతా డ్రైవర్‌దీ, కారును సర్దే ఇంజినీర్లదీ అన్నది ఈ పోటీల మూల ఉద్దేశం.

ఆ ఉద్దేశం శాశ్వత సర్క్యూట్‌పై చాలావరకు నెరవేరుతుంది. బార్సిలోనా వంటి చోట జూనియర్ జట్లు ఏళ్ల తరబడి పరీక్షలు జరిపాయి. డ్రైవర్ అక్కడికి వచ్చేసరికి ఏ మలుపులో ఎంత బ్రేకు వేయాలో అతడి కాలికి తెలిసే ఉంటుంది. వీధి సర్క్యూట్‌కు ఆ సౌకర్యం లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది మామూలు రోడ్డు. రేసు వారంలోనే అది ట్రాక్ అవుతుంది. ముందుగా అక్కడ పరీక్షించడానికి వీలుండదు. సిమ్యులేటర్‌లో నేర్చుకున్నదే దిక్కు. సిమ్యులేటర్ గోడ ఎక్కడుందో చూపిస్తుంది గానీ, ఆ పూట తారు ఎంత జారుతుందో చెప్పలేదు.

వారాంతం మొత్తంలో ఫార్ములా 2 డ్రైవర్‌కు దొరికే ప్రాక్టీస్ 45 నిమిషాలు. సాధారణ వారాంతంలో ఫార్ములా 1 డ్రైవర్‌కు గంట చొప్పున మూడు సెషన్లు ఉంటాయి. అంటే ఎక్కువ అనుభవం ఉన్నవారికి 180 నిమిషాలు, నేర్చుకునే దశలో ఉన్నవారికి అందులో నాలుగో వంతు. మొనాకో ల్యాప్ నిడివి 3.337 కిలోమీటర్లు. ఫార్ములా 2 కారుకు మంచి ల్యాప్ సుమారు 1 నిమిషం 21 సెకన్లు. గడియారం ఆగకుండా, పిట్‌లోకి (టైర్లు మార్చే, కారును సర్దే చోటికి) రాకుండా తిరిగినా 45 నిమిషాల్లో ముప్పై పైచిలుకు ల్యాప్‌లకు మించి పట్టవు. ఆచరణలో అంతకంటే చాలా తక్కువ. ఎవరో ఒకరు గోడను తాకితే ఎర్ర జెండా ఊపుతారు. కారును క్రేన్‌తో ఎత్తి, గోడను సరిచేసే వరకు సెషన్ సమయం కరిగిపోతూనే ఉంటుంది. ఒకరి పొరపాటుకు మూల్యం 22 మంది సాధన సమయం నుంచి పోతుంది.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

రేసు కారు మలుపులో నిలబడేది టైరుకూ తారుకూ మధ్య ఉండే పట్టు వల్ల. వీధి సర్క్యూట్‌లో ఈ పట్టు రోజంతా మారుతూ ఉంటుంది. మొనాకోలో రేసు పనులు ముగిశాక సాయంత్రాలు రోడ్లను మళ్లీ వాహనాలకు తెరుస్తారు. మామూలు వాహనాల దుమ్ము, నూనె చుక్కలు తారు మీద చేరతాయి. మరుసటి ఉదయం మొదట దిగిన కార్లు ఆ దుమ్మును తుడిచి, తమ టైర్ల రబ్బరును పొరలా పరుస్తాయి. ప్రతి పది నిమిషాలకూ రోడ్డు వేగవంతమవుతుంది. దీన్నిబట్టి సెషన్ చివరి నిమిషంలో చేసిన ల్యాపే అందరికీ ఉత్తమ ల్యాప్ కావాలి. అందుకే అందరూ చివరి నిమిషం కోసం ఎదురుచూస్తారు, చివరి నిమిషంలోనే ఎక్కువగా గోడలకు తగులుతారు. పసుపు జెండా పడితే వేగం తగ్గించక తప్పదు. అప్పటిదాకా దాచుకున్న టైరు వృథా అవుతుంది.

దీనికి తోడు ఫార్ములా 2, ఫార్ములా 3ల్లో టైర్లను ముందే వేడి చేసే దుప్పట్లకు అనుమతి లేదు. టైరు చల్లగా బయలుదేరుతుంది, రోడ్డు మీదే వేడెక్కాలి. పొడవైన వేగవంతమైన మలుపులు ఉన్న శాశ్వత సర్క్యూట్‌లో టైరుపై భారం ఎక్కువ పడుతుంది, వేడి త్వరగా ఎక్కుతుంది. మొనాకోలో వేగం తక్కువ, మలుపులు చిన్నవి. అందువల్ల అసలు ల్యాప్‌కు ముందు రెండు మూడు ల్యాప్‌లు టైరును సిద్ధం చేయడానికే పోతాయి. ఆ సిద్ధం చేసే ల్యాప్‌లలో కారు నెమ్మదిగా వెళ్తుంది. అదే సమయంలో వెనుక నుంచి మరొకరు పూర్తి వేగంతో వస్తుంటారు. క్వాలిఫయింగ్‌లో వినిపించే అడ్డంకుల ఫిర్యాదులకు మూలం చాలావరకు ఈ వేగాల తేడాయే.

శారీరక శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ కార్లకు పవర్ స్టీరింగ్ లేదు. మొనాకోలోని 19 మలుపుల్లో, ముఖ్యంగా ప్రపంచంలోనే అతి నెమ్మదైన హెయిర్‌పిన్‌గా (దాదాపు వెనక్కి తిరిగే వంపుగా) పేరుపడిన మలుపులో, చక్రాన్ని చేతుల బలంతోనే తిప్పాలి. 42 ల్యాప్‌ల ప్రధాన రేసులో చివరి పది ల్యాప్‌లకు చేతులు బరువెక్కే సమయానికి గోడ మాత్రం మొదటి ల్యాప్‌లో ఉన్నంత దగ్గరగానే ఉంటుంది.

క్వాలిఫయింగ్‌ను రెండుగా ఎందుకు చీలుస్తారు

ఒక చిన్న లెక్కతో ఇది తేలిపోతుంది. 3,337 మీటర్ల రోడ్డు మీద 22 కార్లను సమాన దూరంలో పరిస్తే ఒక్కో కారుకు దొరికే ఖాళీ సుమారు 150 మీటర్లు. పూర్తి వేగంలో అది నాలుగు సెకన్ల కంటే తక్కువ. ఫార్ములా 3లో 30 కార్లు ఉంటాయి కాబట్టి ఆ ఖాళీ 111 మీటర్లకు పడిపోతుంది. అందులో సగం కార్లు టైర్లు వేడి చేసుకుంటూ నెమ్మదిగా తిరుగుతుంటే శుభ్రమైన ల్యాప్ ఎవరికీ దొరకదు.

అందుకే మొనాకోలో మాత్రం మామూలు 30 నిమిషాల క్వాలిఫయింగ్‌కు బదులు 16 నిమిషాల చొప్పున రెండు సెషన్లు పెడతారు. కార్ల నంబర్లలో సరి సంఖ్యలు ఒక గ్రూపు, బేసి సంఖ్యలు మరో గ్రూపు. ఫార్ములా 2లో ఒక్కో జట్టుకు రెండు కార్లు, వాటి నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి జట్టు సభ్యులిద్దరూ వేర్వేరు గ్రూపుల్లో పడతారు. ఇప్పుడు ఒక్కో కారుకు 300 మీటర్ల దారి దొరుకుతుంది. సమస్య పూర్తిగా తీరదు గానీ సగమవుతుంది.

రెండు గ్రూపుల సమయాలను కలిపి ఒకే జాబితాగా పేర్చరు. రెండో గ్రూపు దిగేసరికి రోడ్డు మీద ఎక్కువ రబ్బరు ఉండవచ్చు, లేదా మధ్యలో చినుకులు పడవచ్చు. అలా జరిగితే ఒక గ్రూపు మొత్తం గ్రిడ్ వెనక్కి పోతుంది. దాన్ని నివారించడానికి అందరికంటే వేగంగా తిరిగిన డ్రైవర్‌కు పోల్ ఇచ్చి, అతడి గ్రూపుకు 1, 3, 5, 7, 9 అంటూ బేసి స్థానాలు, రెండో గ్రూపుకు 2, 4, 6, 8, 10 అంటూ సరి స్థానాలు కేటాయిస్తారు. వాతావరణం విషయంలో ఇది న్యాయమైన పద్ధతే. కానీ రెండు గ్రూపుల బలం సమానంగా ఉంటుందన్న హామీ దీనిలో లేదు. వేగవంతమైన డ్రైవర్లు ఒకే గ్రూపులో చేరితే, అక్కడ ఆరో స్థానంలో నిలిచినవాడు అవతలి గ్రూపులో ఐదో స్థానంలో ఉన్నవాడి కంటే వేగవంతుడై ఉండి కూడా గ్రిడ్‌పై అతడి వెనుక నిలబడాల్సి రావచ్చు. ఆ ఒక్క స్థానం ఎంత ఖరీదైనదో పాయింట్ల లెక్క చూపిస్తుంది.

పదికీ పదకొండుకూ మధ్య అగాధం

ఫార్ములా 2లో వారాంతానికి రెండు రేసులు. శనివారం స్ప్రింట్, ఆదివారం ఫీచర్ రేసు, అంటే ప్రధాన రేసు. మొనాకోలో స్ప్రింట్ 30 ల్యాప్‌లు. క్వాలిఫయింగ్ ఒక్కటే, కానీ అది రెండు రేసుల గ్రిడ్‌నూ నిర్ణయిస్తుంది. ఫీచర్ రేసుకు క్వాలిఫయింగ్ క్రమమే గ్రిడ్. స్ప్రింట్‌కు మొదటి పది స్థానాలను తలకిందులు చేస్తారు. పదోవాడు మొదట, మొదటివాడు పదో స్థానంలో నిలబడతారు. మైనీ స్ప్రింట్‌లో ముందు నిలబడింది ఈ నియమం వల్లే.

పాయింట్లు ఇలా ఉంటాయి. ఫీచర్ రేసులో మొదటి పది మందికి వరుసగా 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. స్ప్రింట్‌లో మొదటి ఎనిమిది మందికి 10, 8, 6, 5, 4, 3, 2, 1. పోల్‌కు అదనంగా 2. అతివేగపు ల్యాప్‌కు ఇచ్చే ఒక పాయింటును ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

రెండు రేసుల్లోనూ ఎవరూ ఎవరినీ దాటలేదని, అందరూ ఆరంభించిన స్థానంలోనే ముగించారని అనుకుంటే ఏమవుతుంది? మరే సర్క్యూట్‌పైనా ఇది అర్థం లేని ఊహ. మొనాకోలో వాస్తవానికి దగ్గరగా ఉండే ఊహ. పోల్ సాధించినవాడికి మొత్తం 27 పాయింట్లు వస్తాయి. రెండో స్థానానికి 18, మూడుకు 16, నాలుగుకు 14, ఐదుకు 13, ఆరుకు 12, ఏడుకు 11. ఎనిమిది, తొమ్మిది స్థానాలకు పదేసి. పదో స్థానానికి మళ్లీ 11. పదకొండో స్థానానికి సున్నా.

ఈ వరుసలో మూడు విషయాలు గమనించదగ్గవి. పోల్‌కు తిరుగులేని విలువ ఉంది. నాలుగు నుంచి పది దాకా ఏ స్థానమైనా దాదాపు ఒకటే. ఎనిమిదో స్థానం కోసం గోడకు మరో రెండు అంగుళాలు దగ్గరగా వెళ్లే సాహసం లెక్క ప్రకారం దండగ. పదకొండో స్థానం నుంచి పదికి ఎక్కడం మాత్రం మొత్తం వారాంతాన్నే మార్చేస్తుంది. పదోవాడికీ పదకొండోవాడికీ మధ్య గడియారంలో తేడా సెకనులో పదో వంతు కంటే తక్కువే ఉండవచ్చు. అందుకే చివరి రెండు నిమిషాల్లో అసలు ఆసక్తి పోల్ దగ్గరే కాదు, ఈ సరిహద్దు దగ్గర కూడా ఉంటుంది. టీవీ కెమెరాలు దాన్ని అరుదుగా చూపిస్తాయి.

ఫార్ములా 3లో మొదటి 12 స్థానాలను తలకిందులు చేస్తారు, స్ప్రింట్‌లో పది మందికి పాయింట్లు ఇస్తారు. అక్కడ అంచు 12కూ 13కూ మధ్య ఉంటుంది. సూత్రం అదే.

ఈ పద్ధతి ఎప్పుడూ ఇలా లేదు. 2020 వరకు ఫీచర్ రేసు ముందు జరిగేది. దాని ఫలితాల్లో మొదటి ఎనిమిది స్థానాలను తిప్పి స్ప్రింట్ గ్రిడ్ వేసేవారు. అప్పుడు వెనుక నుంచి ఆరంభించినవాడు కూడా ప్రమాదాలు తప్పించుకుని ఎనిమిదో స్థానంలో ముగిస్తే మరుసటి రేసుకు పోల్ దక్కేది. ఓపికగా కారును గమ్యం చేర్చడానికి ఒక బహుమతి ఉండేది. 2022 నుంచి అమల్లో ఉన్న విధానంలో ఆ దారి మూసుకుపోయింది. శుక్రవారం 16 నిమిషాల్లో తప్పు జరిగితే అది శనివారమూ వెంటాడుతుంది, ఆదివారమూ వెంటాడుతుంది. శాశ్వత సర్క్యూట్‌లో వేగవంతుడు వెనుక నుంచి ముందుకు రాగలడు కాబట్టి ఈ లోపం కనిపించదు. వీధిలో బట్టబయలవుతుంది.

వీధులన్నీ ఒకటి కావు

మొనాకోను చూసి వీధి సర్క్యూట్లన్నింటిపైనా తీర్పు చెప్పడం సరికాదు. అజర్‌బైజాన్ రాజధాని బాకూలోని సర్క్యూట్ నిడివి 6.003 కిలోమీటర్లు. పాత కోట పక్కన రోడ్డు 7.6 మీటర్లకు కుదించుకుపోతుంది. ఆ తర్వాత దాదాపు 2.2 కిలోమీటర్లు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయనక్కర్లేని దారి వస్తుంది. ముందు కారు గాలిని చీల్చుకుంటూ వెళ్తే, వెనుక కారుకు గాలి నిరోధం తగ్గి వేగం పెరుగుతుంది. కాబట్టి బాకూలో ముందుండటం ఒక్కోసారి నష్టం. క్వాలిఫయింగ్‌లో కూడా ఒంటరిగా తిరిగితే సమయం పోతుంది. సరైన దూరంలో ఒక కారు ముందు ఉండాలి. అందరూ అదే కోరుకోవడంతో ల్యాప్ చివర్లో కార్లు ఒకదాని కోసం ఒకటి ఆగుతూ బారులు తీరతాయి. మొనాకోలో రద్దీ శాపం, బాకూలో కొంత రద్దీ అవసరం.

చైనాకు చెందిన మకావులోని గుయా సర్క్యూట్‌లో ఈ రెండు గుణాలూ ఉన్నాయి. సముద్రం పక్కన పొడవైన వేగవంతమైన భాగం, కొండ మీద ఇరుకు సందుల భాగం. మెల్కో హెయిర్‌పిన్ దగ్గర వెడల్పు ఏడు మీటర్లే. 1983లో అక్కడి గ్రాండ్ ప్రీ ఫార్ములా 3 కార్లకు మారినప్పుడు ఐర్టన్ సెనా గెలిచాడు. 1990లో చివరి ల్యాప్‌లో మికా హాకినెన్ మైకేల్ షూమాకర్‌ను దాటబోయి ఢీకొట్టి రేసు పోగొట్టుకున్నాడు, షూమాకర్ గెలిచాడు. మకావు వారాంతం రూపం కూడా వేరు. అక్కడ క్వాలిఫయింగ్ తర్వాత శనివారం ఒక అర్హత రేసు జరుగుతుంది. దాని ఫలితమే ఆదివారం గ్రిడ్. శుక్రవారం తప్పు చేసినవాడికి దిద్దుకునే అవకాశం ఒకటి మిగులుతుంది. డ్రైవర్ సత్తాను కొలిచే సాధనంగా చూస్తే మకావు పద్ధతి మొనాకో పద్ధతి కంటే మెరుగైనది.

సౌదీ అరేబియాలోని జెద్దాది మరో తరహా. 6.174 కిలోమీటర్లు, 27 మలుపులు. పేరుకు వీధి సర్క్యూటే గానీ వేగం శాశ్వత సర్క్యూట్లతో పోటీపడుతుంది. మలుపు అవతల ఏముందో కనిపించని చోట్లు అనేకం. మొనాకోలో పొరపాటు చేస్తే సస్పెన్షన్ విరుగుతుంది. ఇక్కడ చేసే పొరపాటు పర్యవసానం అంతకంటే తీవ్రంగా ఉండవచ్చు.

ఆదివారం ఏం మిగులుతుంది

ఫీచర్ రేసులో ప్రతి డ్రైవరూ కనీసం ఒకసారి పిట్‌లోకి వచ్చి టైర్లు మార్చాలి. పొడి వాతావరణంలో రెండు రకాల టైర్లనూ వాడాలి. మొదటి ఆరు ల్యాప్‌లలో చేసిన మార్పు లెక్కలోకి రాదు. రోడ్డు మీద దాటలేనివాడికి స్థానం మారడానికి ఉన్న ప్రధాన మార్గం ఇదే.

సాధారణ సర్క్యూట్‌లో ముందుగా పిట్‌కు వచ్చినవాడికి కొత్త టైరు పట్టు వల్ల లాభం. మొనాకోలో ఇది తిరగబడుతుంది. దుప్పట్లు లేవు కాబట్టి కొత్త టైరు చల్లగా ఉంటుంది, నెమ్మదైన మలుపుల్లో వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది. ఆ ఒకటి రెండు ల్యాప్‌లలో, పాత టైరు మీద ఖాళీ రోడ్డులో తిరుగుతున్న ప్రత్యర్థి వేగంగా ఉంటాడు. అతడు ఆలస్యంగా పిట్‌కు వచ్చి ముందుకు చేరవచ్చు. ఇక ప్రమాదం జరిగినప్పుడు రేసు కార్లన్నింటినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వస్తే కథ మరోలా ఉంటుంది. అందరూ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పిట్‌లో పోయే సమయం తక్కువ. అప్పటికి పిట్‌కు రాని వారికి అది వరం, వచ్చేసిన వారికి నష్టం. గోడలు దగ్గరగా ఉన్న చోట ఆగిపోయిన కారును తీయడానికి సేఫ్టీ కార్ తప్పదు. అందువల్ల వెనుక వరుసల్లోని జట్లు నెమ్మదిగా అరిగే గట్టి టైరుతో ఆరంభించి, ఎవరో ఒకరు గోడను తాకేదాకా వేచి చూసే వ్యూహం పన్నుతాయి. సంభావ్యత ప్రకారం అది సమంజసమైన నిర్ణయమే.

ఫార్ములా 3లో పిట్ స్టాప్ నిబంధన లేదు. 2023లో ఆ పోటీ తొలిసారి మొనాకోకు వచ్చినప్పుడు పోల్ సాధించిన గాబ్రియేలే మినీయే ఫీచర్ రేసు గెలిచాడు. క్వాలిఫయింగ్ బరువు అక్కడ ఇంకా ఎక్కువ.

మొదటి మలుపు ప్రమాదాలకు కూడా మూలం ఇదే. స్థానం మారే అవకాశం ఆరంభంలోనే ఎక్కువ అని 22 మందికీ తెలుసు. మొనాకోలో మొదటి మలుపు సెంట్ దెవోత్ కుడివైపుకు తిరుగుతుంది, ఆ వెంటనే రోడ్డు కొండెక్కుతుంది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పూ, 5 మీటర్లకు పైగా పొడవూ ఉన్న కార్లు రెండు పక్కపక్కనే పట్టే చోటు అది కాదు. 2025 మే 25న పోల్ నుంచి బయలుదేరిన డన్, పక్కన ఆరంభించిన విక్టర్ మార్టిన్స్ ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. రెండు కార్లూ తగులుకుని దారి మూసుకుపోయింది. వెనుక వచ్చిన వారికి తప్పించుకునే చోటు లేక ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎర్ర జెండాతో రేసు ఆపారు. చివరికి విజేత జాక్ క్రాఫోర్డ్. శాశ్వత సర్క్యూట్‌లో అదే తప్పుకు ఇద్దరు రాళ్ల గుంటలోకి వెళ్లేవారు, మిగతావారు సాగిపోయేవారు.

డన్‌కు స్టీవార్డులు (నిబంధనలు అమలు చేసే అధికారులు) తర్వాతి రౌండ్‌లో పది స్థానాల గ్రిడ్ శిక్ష విధించారు, అంటే ఆరంభ వరుసలో పది స్థానాలు వెనక్కి పంపారు. ఆ రౌండ్ బార్సిలోనాలో జరిగింది. అక్కడ ఓవర్‌టేక్ చేయవచ్చు. అదే శిక్షను మొనాకోలో అనుభవించాల్సి వస్తే వారాంతం మొత్తం ముగిసిపోయినట్టే. శిక్ష అంకె ఒకటే అయినా దాని బరువు సర్క్యూట్‌ను బట్టి ఇంతగా మారడం నిబంధనల్లో ఒక నిజమైన లోపం. దీనిపై జరగాల్సినంత చర్చ జరగడం లేదు.

ప్రాణాల మాట

పాయింట్ల లెక్కల మధ్య మరువకూడనిది భద్రత. 2018 నవంబరులో మకావు ఫార్ములా 3 రేసులో 17 ఏళ్ల సోఫియా ఫ్లోర్ష్ కారు గంటకు 276 కిలోమీటర్ల వేగంతో అదుపు తప్పి, లిస్బోవా మలుపు దగ్గర గాలిలోకి లేచి కంచెను దాటి ఫొటోగ్రాఫర్లు నిలబడే వేదికకు తగిలింది. ఆమె వెన్నెముక విరిగింది. సుదీర్ఘమైన శస్త్రచికిత్స జరిగింది. మరుసటి ఏడాదే ఆమె అదే సర్క్యూట్‌కు తిరిగి వచ్చి పోటీపడింది. 2018లో మకావులో దిగిన ఆ తరం కార్లకు తల చుట్టూ రక్షణగా ఉండే హేలో లేదు. 2019లో వచ్చిన ఫార్ములా 3 కారుతో అది చేరింది.

2021 డిసెంబరులో జెద్దా ఫీచర్ రేసు ఆరంభంలో తియో పూర్షేర్ కారు గ్రిడ్ మీదే కదలక ఆగిపోయింది. వెనుక వరుసల నుంచి వచ్చిన ఎంజో ఫిట్టిపాల్డీకి ముందు కార్ల మధ్య అది కనిపించలేదు. పూర్తి వేగంతో ఢీకొట్టాడు. అతడి మడమ విరిగింది. ఆ రోజు రేసును కుదించి సగం పాయింట్లే ఇచ్చారు. గ్రిడ్ మీద కారు ఆగిపోవడం ఎక్కడైనా ప్రమాదమే. పక్కకు తప్పుకునే చోటు లేని చోట అది మరింత ప్రమాదం.

ఫలితాల పట్టికను చదివే తీరు

జూనియర్ రేసుల్లో డ్రైవర్‌ను కొలవడానికి అందరూ వాడే మొదటి కొలమానం జట్టు సహచరుడు. కారు ఒకటే, జట్టు ఒకటే, ఇంజినీర్లు దాదాపు ఒకటే. ఎవరు వేగవంతులో అక్కడ తెలుస్తుంది. మొనాకోలో ఆ కొలమానమే పనికిరాదు. ఇద్దరూ వేర్వేరు సెషన్లలో, వేర్వేరు పట్టు ఉన్న రోడ్డు మీద తిరుగుతారు. ఒకరు నాలుగో స్థానంలో, మరొకరు పదిహేనులో నిలిచినంత మాత్రాన మొదటివారు మెరుగని తేల్చలేం. అంతకంటే నమ్మదగినది, అదే గ్రూపులోని మిగతావారితో పోల్చినప్పుడు ల్యాప్‌లోని మూడు భాగాల్లో ఎక్కడెక్కడ వేగం దక్కిందన్నది. జెండా పడకముందు చేసిన ల్యాప్ ఎలా ఉంది, సెషన్ సాగేకొద్దీ డ్రైవర్ సమయం క్రమంగా తగ్గిందా, ఒక్క ల్యాప్‌లో మెరిసి ఆగిపోయిందా అన్నవి కూడా చూడాలి. జట్ల ఇంజినీర్లు తప్పకుండా చూసే అంకెలు ఇవి. ఫలితాల పట్టికలో ఇవి ఉండవు.

డబ్బు కూడా ఈ తీర్పులను ప్రభావితం చేస్తుంది. జూనియర్ డ్రైవర్లలో ఎక్కువ మంది తమ సీటుకు తామే, లేదా తమను పోషించే సంస్థల ద్వారా డబ్బు తెచ్చుకుంటారు. విరిగిన భాగాల ఖర్చు చాలా సందర్భాల్లో వారి ఖాతాకే చేరుతుంది. ప్రాక్టీస్‌లో గోడను తాకిన డ్రైవర్ క్వాలిఫయింగ్‌కు దిగేటప్పుడు ల్యాప్ గురించే ఆలోచిస్తాడని అనుకోవడం అమాయకత్వం.

చివరికి ఇవన్నీ వెళ్లి చేరేది సూపర్ లైసెన్స్ దగ్గరికి. ఫార్ములా 1లో నడపాలంటే మూడు సీజన్లలో 40 లైసెన్స్ పాయింట్లు కూడగట్టాలి. ఫార్ములా 2 చాంపియన్‌షిప్‌లో మొదటి ముగ్గురికీ తలా 40 వస్తాయి. నాలుగో స్థానానికి 30, ఐదుకు 20, ఆరుకు 10. చాంపియన్‌షిప్ మధ్య స్థానాల్లో ఇద్దరి మధ్య అంతరం పది పాయింట్ల లోపు ఉండటం అసాధారణం కాదు. మొనాకో శుక్రవారం ఒక డ్రైవర్ పదో స్థానంలో, మరొకరు పదకొండులో నిలిస్తే ఏర్పడే 11 పాయింట్ల అంతరం, సీజన్ ముగిసేసరికి ఒక స్థానం తేడాగా, అంటే పది లైసెన్స్ పాయింట్ల తేడాగా మారగలదు. ఆ ఇద్దరూ వేర్వేరు గ్రూపుల్లో తిరిగి ఉంటే, వారిలో ఎవరు వేగవంతులో ఆ రోజు గడియారం చెప్పనే లేదు.